రోజుకు మూడు అధ్యాయాలా, మూడు వచనాలా?

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. మా సంఘంలో ఏడాదిలో బైబిల్ పూర్తి చెయ్యాలని పట్టీ ఇచ్చారు. లేవీయకాండం దగ్గరే వెనకబడిపోయాను. నేను పాత తెలుగు బైబిల్ చదువుతాను, బరంపురం నుంచి వచ్చిన మా అత్తగారు ఒడియాలో, మా అబ్బాయి ఇంగ్లీషులో చదువుతారు. ముగ్గురం కలిసి కూర్చుంటే పది వచనాలు కూడా సాగవు. ఇలా కలగాపులగంగా చదవడం మంచిది కాదని పాస్టరుగారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ పట్టీని గోడకే ఉండనివ్వండి. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో అవ్వాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి. చదవగలిగినవాళ్లు చదువుతారు, కాదనను. మీ ఇంట్లో మూడు భాషలున్నాయి కదా, వాటిని ఎందుకు వదులుకుంటారు?

లేవీయకాండం పక్కనపెట్టి రూతు గ్రంథం తియ్యండి. నాలుగే అధ్యాయాలు. ముందు మీరు తెలుగులో మొత్తం ఒక్కసారిగా పైకి చదవండి. మర్నాటి నుంచి రోజుకు కొంచెం. అత్తగారు ముందు, మీరు తర్వాత, అబ్బాయి చివర. పెద్దావిడ చదువుతున్నప్పుడు మధ్యలో దిద్దకండి.

మా ఇంట్లో ఏమైందో చెబుతాను. మాది రాజాం దగ్గర పల్లె. మా అమ్మకి అక్షరం రాదు, వరికోతలయ్యాక చేలో రాలిన పరిగె ఏరిన మనిషి. రూతు రెండో అధ్యాయం నేను చదువుతుంటే పీటమీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. రూతు సాయంత్రం దాకా పరిగె ఏరి, దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలయ్యాయని 17వ వచనం. నేను ముందుకెళ్లిపోతున్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఒక్కరోజు పరిగెకి తూమెడు గింజలేటిరా? ఎవుల సేను అది?" అంది.

ఇంగ్లీషు బైబిల్ తీశాను. అక్కడ 'ఏఫా' అని ఉంది, ఇరవై లీటర్ల పైచిలుకు. పరిగె ఏరుకునే ఆడమనిషికి అది నిజంగానే చాలా ఎక్కువ. కారణం పై వచనంలోనే ఉంది: ఆమె కోసం పనల్లోంచి కొన్ని పరకలు కావాలని లాగి పడెయ్యమని ఆ చేను యజమాని బోయజు పనివాళ్లకు చెప్పాడు. అంతకంటే తమాషా 19వ వచనం. ఆ గింజలు చూడగానే రూతు అత్తగారు నయోమి అడిగింది కూడా అదే, ఇవాళ ఎక్కడ ఏరావని! నేను ఎన్నోసార్లు చదివినా ఆ అత్తగారి అనుమానం నా బుర్రకి తట్టలేదు. ఏ వ్యాఖ్యానం పుస్తకమూ తెరవకుండా మా అమ్మ పట్టేసింది.

అందుకే మీ అత్తగారు ఎక్కడ ఆగితే అక్కడ మీరూ ఆగండి.

ఆలస్యమవుతోందని సిగ్గుపడకండి. మన వైపు తెలుగు సువార్తలే నెమ్మదిగా వచ్చాయి. లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో తర్జుమాకు కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మూడు సువార్తలు బెంగాల్లోని సేరంపూరులో అచ్చయింది 1812లో.

పాస్టరుగారి భయం కూడా కొట్టిపారేసేది కాదు. నాలుగు తర్జుమాలు ముందేసుకుని, తనకు నచ్చిన మాట ఉన్నదే ఏరుకునేవాళ్లు ఉన్నారు. మీరు ఒకదాన్ని, పాత తెలుగునే అనుకోండి, ఇంటి బైబిలుగా ఉంచుకోండి. సంఘంలో అదే తీసుకెళ్లండి. మిగతావి పక్కన పెట్టుకుని చూసుకోవడానికి.

రూతు అయ్యాక మార్కు సువార్త పట్టండి. చివరి అధ్యాయంలో 8వ వచనం తర్వాత మీ అబ్బాయి బైబిల్ ఈమధ్యదైతే బహుశా ఒక గీతో గమనికో కనిపిస్తుంది. నాలుగో శతాబ్దపు రెండు ప్రసిద్ధ గ్రీకు ప్రతుల్లో సువార్త అక్కడితో ఆగిపోతుంది, అందుకు. ఎవరి బైబిల్ తప్పని ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ పెట్టకండి. గమనిక పైకి చదివించి, 9 నుంచి 20 దాకా కూడా చదివేయండి.