5జీ వచ్చాక కార్డ్‌లెస్ మైకులు కట్ అవుతున్నాయి, కొత్త సిస్టమ్ కొనాలా?

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఫంక్షన్ హాళ్ళలో, గుడి ఉత్సవాల్లో సౌండ్ చేస్తుంటారు. నాలుగు కార్డ్‌లెస్ మైకులున్నాయి. కొన్నేళ్ళ క్రితం వరకు నిక్షేపంగా పనిచేసినవి ఇప్పుడు ఎక్కడికెళ్ళినా గరగరమంటున్నాయి, మధ్యలో కట్ అవుతున్నాయి. మైకుల కంపెనీ సెన్‌హైజర్ వాళ్ళ కొత్త వైడ్‌బ్యాండ్ సిస్టమ్ స్పెక్టెరా వార్త చదివి, దానికి మారిపోతే ఈ గొడవ తీరుతుందా అంటున్నారు.

ముందు డబ్బు బయటికి తీయకండి. రిసీవర్ వెనక్కి తిప్పి స్టిక్కర్ మీద ఎన్ని మెగాహెర్ట్జ్ అని ఉందో చూడండి. 740 నుంచి 790 మధ్య ఏ అంకె ఉన్నా మీ జబ్బు అక్కడే ఉంది. చవక సెట్లు చాలావరకు ఈ రేంజిలోనే వచ్చేవి. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ స్పెక్ట్రమ్ వేలంలో జియో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను దేశంలోని 22 సర్కిళ్ళలోనూ కొనుక్కుంది. బీఎస్ఎన్ఎల్ 4జీ కూడా ఈ బ్యాండ్‌ను వాడుతోంది. ఇందులో టవర్ల సిగ్నల్ 758-803 మధ్య వస్తుంది, ఫోన్లు తిరిగి పంపేది 703-748 మధ్య. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి గోడలు దాటి హాల్లోకి బాగా చొరబడుతుంది. టెలికాం వాళ్ళకి అది వరం, మనకి తలనొప్పి. ఆ సెట్లకు ఎంత మంచి యాంటెన్నా పెట్టినా లాభం లేదు. పక్కన పెట్టేయాల్సిందే.

600 బ్యాండ్ సంగతి వేరు. అదే వేలంలో దాన్నీ పెట్టారు గానీ ఎవరూ కొనలేదు. ప్రస్తుతానికి సమస్య రాకపోవచ్చు, కానీ కొత్తగా డబ్బు పెట్టేటప్పుడు నేనైతే అటు పోను. అమెరికాలో ఆ బ్యాండ్‌లో చాలా భాగం టెలికాం కంపెనీలకు వెళ్ళిపోయింది. 2020 జూలై 13 తర్వాత ఆ భాగంలో అక్కడ మైకులు వాడకూడదన్నారు. అక్కడున్న బావమరిది “సెకండ్ హ్యాండ్‌లో మంచి సెట్ చవగ్గా దొరికింది, వచ్చేటప్పుడు తెస్తా” అంటే మొహమాటపడకుండా స్టిక్కర్ ఫొటో అడగండి. మనకి 470 నుంచి 580 దాకా ఉన్న చోటు హాయి. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూతపడ్డాయి కాబట్టి అక్కడ ఖాళీ ఎక్కువ. షూర్ కంపెనీ సెట్లలో అయితే జీ50 అని రాసి ఉన్నది 470-534 రేంజి.

సెట్టు సరైన రేంజిలోనే ఉన్నా కట్ అవుతోందంటే, మా గోదావరి జిల్లాల్లో నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ఫ్రీక్వెన్సీలు పెట్టడంలోనే తేడా. మన ఆపరేటర్లు గుర్తుంటుందని 510, 511, 512 అని వరసగా పెట్టేస్తారు. రెండు మైకులు దగ్గర దగ్గరగా వస్తే వాటి సిగ్నళ్ళు కలిసి మూడోదాన్ని పుట్టిస్తాయి. లెక్క కష్టమేం కాదు. ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేయండి. 511 రెట్టింపు 1022, అందులోంచి 510 తీస్తే 512. నేరుగా మీ మూడో మైకు నెత్తిన పడింది! యాంకర్లిద్దరూ పక్కపక్కన నిలబడి జోకులేసుకుంటుంటే, ఆ చివర పాట పాడే అమ్మాయి మైకు గరగరమనేది ఇందుకే. పాపం అందరూ ఆ అమ్మాయి మైకునే మారుస్తుంటారు. 510, 511, 513.5, 517.5 ఇలా ఎడం ఎడంగా, ఏ రెండు ఎడాలూ సమానం కాకుండా పెట్టుకోండి. లేదా సెట్‌లో కంపెనీ ఇచ్చిన ఒకే గ్రూపులోని ఛానళ్ళు వాడండి, అవి ఆ లెక్క చూసి ఇచ్చినవే. రెండు కంపెనీల సెట్లు కలిపి వాడితే మాత్రం గ్రూపుల మీద భరోసా పెట్టుకోకండి.

ఇక పెళ్ళిలో ముహూర్తం టైం. సాయంత్రం టెస్ట్ చేసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి బంధువులంతా లేచి మండపం చుట్టూ గుమిగూడతారు, ప్రతి చేతిలో ఫోన్ వీడియో తీస్తూ ఉంటుంది. పంతులుగారి కాలర్ మైకు ప్యాకెట్ (సిగ్నల్ పంపే డబ్బా) నడుముకి కట్టి, పైన తడి ఉత్తరీయం. ఒంట్లో ఉన్నదంతా నీరే కదా, ఆ సిగ్నల్‌ని ఒళ్ళే తాగేస్తుంది. మీ రిసీవర్ ఏమో హాలు వెనక మిక్సర్ టేబుల్ కింద ర్యాక్‌లో ఉంటుంది. మంత్రం ముక్కలు ముక్కలుగా వినబడక ఏమవుతుంది? రిసీవర్‌ని మండపం దగ్గరికి తెచ్చి, యాంటెన్నాలు మనుషుల తలల కంటే ఎత్తులో, ‘వీ’ ఆకారంలో విప్పి పెట్టండి. మిక్సర్ దాకా మామూలు ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైకు వైరు) లాగండి. ఆడియో కేబుల్ ఎంత పొడుగున్నా పర్లేదు, యాంటెన్నా కేబుల్ పొడుగైతేనే నష్టం. ఈ ఒక్క మార్పుతో కొత్త సెట్టు కొనక్కర్లేకుండా పోయిన వాళ్ళు నాకు చాలామందే తెలుసు. ప్యాకెట్‌ని నడుం ముందువైపు, యాంటెన్నా కింద వేలాడేలా కట్టమనండి, చుట్ట చుట్టి పంచె మడతలో దోపకుండా.

ఎల్ఈడీ వాల్ ఉన్న చోట రిసీవర్‌ని దాని వెనకో పక్కనో పెట్టకండి. దాని కరెంటు సప్లైల నుంచి, ప్యానెళ్ళ నుంచి వచ్చే రేడియో గోల మన మైకులు నడిచే యూహెచ్ఎఫ్ రేంజిలోనూ పడుతుంది. మైకులన్నీ ఆపేసి, వాల్ వేసి, రిసీవర్‌లో ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) గీతలు చూడండి. మైకు ఆఫ్‌లో ఉన్నా గీతలు కదులుతున్నాయంటే అక్కడ ఇంకెవరో ఉన్నారు, ఫ్రీక్వెన్సీ మార్చాలి. వాల్ వాళ్ళు “మాది కాదండీ” అంటారు. అననివ్వండి.

2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ మైకులు లైసెన్సు గొడవ లేదని అమ్ముతారు. చిన్న మీటింగుకి సరే. జనం ఉన్న హాల్లో ప్రతి ఫోన్ వైఫై, బ్లూటూత్ అక్కడే ఉంటాయి. పెళ్ళికి వద్దు.

మీరడిగిన స్పెక్టెరా సంగతి. 2024 సెప్టెంబర్‌లో ప్రకటించారు. మామూలుగా ఒక్కో మైకుకి ఒక్కో సన్నటి ఫ్రీక్వెన్సీ ఇస్తాం. ఇందులో 6 లేదా 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే ఛానల్‌ని అందరూ వంతులవారీగా పంచుకుంటారు. ఒక్క ర్యాక్ యూనిట్ ఎత్తున్న బేస్ స్టేషన్ 32 ఇన్‌పుట్లు, 32 అవుట్‌పుట్లు నడుపుతుంది. గాయకుడి నడుముకి ఒకే ప్యాకెట్, మైకుకీ అదే, చెవిలో మానిటర్‌కీ అదే. పైన చెప్పిన రెట్టింపు-తీసివేత గొడవే ఉండదు. గొప్ప పనే. కానీ అది డజన్లకొద్దీ ఛానళ్ళు నడిపే పెద్ద మ్యూజికల్ నైట్లకీ, టీవీ షోలకీ. నాలుగు మైకులకు బేస్ స్టేషన్ కొనడం దండగ.

మీ స్థాయికి సెన్‌హైజర్ ఈడబ్ల్యూ-డీ, షూర్ ఎస్ఎల్ఎక్స్-డీ లాంటి డిజిటల్ సెట్లు విడతకి రెండు చొప్పున కొనుక్కోండి. ఈడబ్ల్యూ-డీలో 600 కిలోహెర్ట్జ్ సమాన ఎడంతో పెట్టినా ఇబ్బంది రాకుండా చేశారు కాబట్టి లెక్కలతో పని తక్కువ. ఒక్కటి మాత్రం తెలుసుకుని కొనండి. అనలాగ్ మైకు పోయే ముందు గరగరమని చెప్తుంది, డిజిటల్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. అందుకే ముహూర్తం నడిచే మండపంలో ఒక వైర్ మైకు, ఏ షూర్ ఎస్ఎం58 అయినా సరే, ప్లగ్ చేసి మ్యూట్‌లో ఉంచండి. ఎమ్మెల్యేగారు మాట్లాడే చోటికైతే నేను కార్డ్‌లెస్ ఇవ్వనే ఇవ్వను.