బేస్‌బాల్‌లో గ్రేటెస్ట్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఎవరండీ?

ప్రశ్న: మా బావ అమెరికా నుంచి వచ్చాడండీ, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మొదలెట్టిన గొడవ ఇంటికొచ్చినా ఆగలేదు, తనేమో నోలన్ ర్యాన్ అంటాడు, నేను సై యంగ్ అంటాను. ఎవరు కరెక్టు?
– ఓ క్రికెట్ పిచ్చోడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఇద్దరూ కాదు బాబూ! సై యంగ్‌కి 511 విజయాలున్నాయి నిజమే, కానీ అప్పట్లో పిచ్చర్లు మొదలెట్టిన మ్యాచ్ వాళ్లే పూర్తి చేసేవాళ్లు కాబట్టి లెక్క పెరిగింది, ఓటముల రికార్డూ ఆయనదే మరి. ర్యాన్‌వి 5,714 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని బంతి సరిగా కొట్టనివ్వకుండా అవుట్ చేయడం), 7 నో హిట్టర్లు (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), అబ్బో అనిపిస్తాయి, అయితే వాక్‌లు (నాలుగు గురితప్పిన బంతులేస్తే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) కూడా అందరికంటే ఎక్కువ ఇచ్చాడు, మన బౌలర్ వికెట్లు తీస్తూనే వైడ్లు కుమ్మరించినట్టు. 1968లో బాబ్ గిబ్సన్ అనే పిచ్చర్ ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి వదిలేసి 9 ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్స్ (ఎంత తక్కువైతే అంత మేలు), 1.12 మాత్రమే, దాంతో బ్యాటర్లకి ఊరటగా మరుసటి ఏడాది పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తే 15 నుంచి 10 అంగుళాలకి తగ్గించేశారు! నా ఓటు మాత్రం పెడ్రో మార్టినెజ్‌కే, 2000లో బ్యాటర్లు చితక్కొడుతున్న రోజుల్లో లీగ్ సగటు ఈఆర్ఏ దాదాపు 5 ఉంటే ఆయనది 1.74. మీ బావకి ఇది చూపించండి, మళ్లీ గొడవైతే మురీ మిక్చర్ ఖర్చు మీదే.