అమ్మలూ, ఆ చివరి గది మాత్రం ఖాళీగా ఉంచు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నున్న దగ్గర మామిడితోటలో పాత కోళ్ళషెడ్డు లీజుకి తీసుకున్నావంట, జనం వదిలేసిన పెంపుడు కుక్కలకీ పిల్లులకీ షెల్టర్ పెడతావంట, "నువ్వన్నా చెప్పు తమ్ముడూ, నీ మాటైతే వింటది" అని ఒకటే గోల. చిన్నప్పుడు మా పశువుల ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఇంటికి రానని ఏడ్చేదానివి, నిన్ను ఇలా తయారు చేసింది నేనేనని మీ అమ్మకి ఎప్పటినుంచో అనుమానం. లోపల గర్వంగానే ఉందే నాకు. కానీ భయం కూడా ఉంది, అందుకే రాస్తున్నా. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు.

రిజిస్ట్రేషన్, బ్యాంక్ అకౌంటు, బోరు, ఇన్వర్టరు, ఇవన్నీ నీకే తెలుసు. గన్నవరం వెటర్నరీ కాలేజీ పక్కనే కాబట్టి ఆపరేషన్లకి దిగుల్లేదు. మొదలుపెట్టే ముందు మాత్రం హైదరాబాద్‌లో అమల గారు 1992లో పెట్టిన బ్లూ క్రాస్‌కో, వైజాగ్‌లో మూగజీవాల్ని చూసుకునే వీఎస్పీసీఏకో వెళ్ళి కొన్నాళ్ళు పెంట ఎత్తి రా. ఆ తర్వాత కూడా ఇదే పని చేయాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఫొటోలో షెడ్డు చూశాను. కింద మట్టి. కోళ్ళకి సరిపోయింది, నీకు సరిపోదు, వాలు పెట్టి గచ్చు చేయించు. ఎందుకంటే, ఇది కొంచెం పెద్ద కథ, విసుక్కోకుండా చదువు.

నేను గుంటూరు వైపు పనిచేసేటప్పుడు ఒక రిటైర్డ్ మేష్టారు ఉండేవారు, పేరెందుకులే. పెన్షన్ డబ్బులతో ఊరి చివర నీలాగే షెడ్డు వేశారు. మొదట్లో చక్కగా నడిపారు, కొత్తగా వచ్చిన కుక్కని రెండు వారాలు విడిగా ఉంచడానికి చివర్లో ఒక గది, దానికి వేరే చీపురు, వేరే గిన్నెలు, లోపలికెళ్ళడానికి వేరే చెప్పులు. అంతా పద్ధతిగా. తర్వాత ఒక కుక్కల వ్యాపారి ఫోన్ చేశాడు, ఇంక పిల్లలు పెట్టలేని ల్యాబ్రడార్ కుక్కలు ఉన్నాయి, మీరు తీసుకోకపోతే హైవే మీద వదిలేస్తానని. మేష్టారికి చోటు లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ చివరి గదిలో పెట్టారు, కొన్ని రోజులే కదా అన్నారు. ఆ కొన్ని రోజులు అవ్వనే లేదు, ఈలోగా ఇంకెవరో ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ పామరేనియన్‌ని దించిపోయారు, అదీ ఆ గదిలోనే.

అలా రెండు నెలలు గడిచాయి. ముసురు పట్టిన ఓ రాత్రి గేటు దగ్గర అట్టపెట్టెలో కుక్కపిల్లలు, తడిసి ముద్దయిపోయి. ఎక్కడ పెడతారు? అప్పటికే ఉన్న పిల్లల మధ్యలో, అదే గోనెపట్టా మీద పెట్టారు. వాటికి టీకాలు ఇంకా పూర్తి కాలేదు. నాలుగైదు రోజులకి ఒకటి తిండి మానేసి మూలకి పోయి పడుకుంది, సాయంత్రానికి వాంతులు, తెల్లారేసరికి రక్త విరేచనాలు. పార్వో, అంటే కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు, ఆ వాసన ఒకసారి పీల్చినోడు మర్చిపోడు, తలుపు తీయకముందే నాకు తెలిసిపోయింది. మేష్టారు క్యాన్లకి క్యాన్లు ఫినాయిల్ పోయించి కడిగిస్తున్నారు. ఫినాయిల్‌కి పార్వో చావదమ్మా. బ్లీచ్‌కే చస్తుంది, అదీ ముందు పెంటంతా కడిగేసి, లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు నేల తడిగా ఉంచితేనే. అది కూడా గచ్చు మీదే పనిచేస్తుంది. మట్టిలోకి దిగితే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా కూర్చుంటుంది.

డ్యూటీ అయ్యాక రాత్రిళ్ళు వెళ్ళి సెలైన్లు పెట్టేవాణ్ణి. అగ్గిపుల్లంత కాళ్ళు, నరం దొరికేది కాదు, దొరికినా అది కాస్త కదిలితే సూది బయటికొచ్చేసేది. మేష్టారు టార్చిలైటు పట్టుకునేవారు, చెయ్యి వణికి వెలుగు గోడ మీదకి పోయేది, నేను కసిరేవాణ్ణి, అంత పెద్దాయన నాకు సారీ చెప్పేవారు. ఒక్క నల్లపిల్ల తప్ప అన్నీ పోయాయి, వచ్చినవీ పోయాయి, ఉన్నవీ పోయాయి. పెద్ద కుక్కలు టీకాలు పడ్డాయి కాబట్టి బతికిపోయాయి.

ఇప్పుడు నువ్వడుగుతావు, ఆ అట్టపెట్టెని బయట వదిలేయాల్సిందా మావయ్యా అని. కాదు. కాదనాల్సింది రెండు నెలల ముందు, ఆ వ్యాపారికి, ఫోన్లో. నువ్వు మొహమాటపడి ఒకళ్ళకి సరేనంటే దాని ఖరీదు ఆ తర్వాత వచ్చినవి కడతాయి. అందుకని ఆ చివరి గది ఖాళీగా ఉంటేనే నీ షెల్టర్ నడుస్తున్నట్టు లెక్క. చూసినవాళ్ళు అంటారు, గది ఖాళీ పెట్టుకుని చోటు లేదంటుందే ఈ పిల్ల అని. అననీ. నీ సంగతి నాకు తెలీదా, ఎవరైనా రెండుసార్లు బతిమాలితే కరిగిపోతావు, పెళ్ళిళ్ళలో వడ్డించేవాడికి కూడా వద్దని చెప్పలేవు నువ్వు!

రెండోది, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రేబిస్ టీకా. కుక్కలకి కాదు, నీకు, నీ దగ్గర పనిచేసే ప్రతి మనిషికి. కాటు పడకముందే వేయించుకునే కోర్సు, మొదటి రోజు, ఏడో రోజు, మళ్ళీ 21వ రోజో 28వ రోజో. అది అయినా సరే, కాటు పడితే వెంటనే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజొకటి, మూడో రోజొకటి డోసు వేయించుకోవాలి. పిచ్చికుక్క అంటే అందరూ మీద పడి కరిచేదే అనుకుంటారు. ఇంకో రకం ఉంది, కింది దవడ జారిపోయి, చొంగ కారుతూ, గొంతు మారిపోయి మూగగా ఓ పక్కన కూర్చుంటుంది. అచ్చం గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. పాపం అని జాలిపడి నోట్లో చెయ్యి పెడతారు. నువ్వు పెట్టే రకమే. పెట్టావంటే నీ చెంప పగలగొడతా. డాక్టర్ని పిలువు, అంతే.

బక్కచిక్కి వచ్చిన దానికి మొదటి రోజే గిన్నెనిండా పెట్టకు. చాలా రోజులు కడుపు మాడినదానికి ఒక్కసారి అన్నం కుక్కితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె ఆగిపోవచ్చు, తిండి దొరికిన రెండు మూడు రోజులకి చచ్చిపోయిందేంటి అని అప్పుడు ఏడుస్తారు. బరువు చూసి, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం కొంచెం కొంచెం, రోజుకి నాలుగైదు సార్లు, అన్నం తక్కువ, ఉడికించిన గుడ్డూ చికెనూ ఎక్కువ.

మెడ దగ్గర వాసనొస్తే బొచ్చు పక్కకి తీసి వేలితో తడిమి చూడు. పిల్లప్పుడు వేసిన గొలుసు వదులు చేయడం మర్చిపోతారు, మెడ పెరిగి గొలుసు మాంసంలోకి దిగిపోతుంది, పైన చర్మం కూడా పట్టేస్తుంది. ఒక ల్యాబ్రడార్‌కి మత్తిచ్చి కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో కడియం తెంపుతూ తీశాం, పురుగులన్నీ ఏరాం. మత్తు వదిలాక అది చేసిన మొదటి పని తల విదిలించడం, ఆగకుండా విదిలిస్తూనే ఉంది, గొలుసు చప్పుడు లేదేంటని దానికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. గజ్జికి కాలిన ఇంజనాయిల్ రాయమనేవాళ్ళు వస్తారు, రానివ్వకు. పిల్లికి పారాసిటమాల్ విషం, సగం మాత్ర చాలు చంపడానికి, ఇది నీ కుర్రాళ్ళకి గోడ మీద రాసి పెట్టు.

వదిలేసినవాళ్ళ మీద కేసులు పెడతానన్నావంట. పెట్టు, కానీ జంతుహింస నివారణకని 1960లో చేసిన చట్టంలో మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, మీ అమ్మ కొనే మల్లెపూలకి రాదు. దానికంటే తెచ్చినవాడితో మళ్ళీ అడగనని కాగితం మీద సంతకం పెట్టించుకో, లేకపోతే నువ్వు బాగుచేశాక మా కుక్కే అంటూ దిగుతాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా ఏ జాతి కుక్కనీ దత్తత ఇవ్వకు, ఫ్రీగా వచ్చిందని ఈనించుకోడానికే తీసుకెళ్ళేవాళ్ళున్నారు. కొత్తగా వచ్చిన కుక్కతో మొదటి వారం రీల్స్ వద్దు, దాని మానాన దాన్ని పడుకోనివ్వు.

రేకుల మీద తాటాకు కప్పించు, బెజవాడ ఎండలకి హస్కీలు బతకవు. ఏదీ గొలుసుతో కట్టకు, తలుపులు ఒక్క గడియతో తీసేలా పెట్టించు, 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద బెజవాడని ఏం చేసిందో నీకు తెలుసు.

మందుల ఖర్చు నెలనెలా నా పెన్షన్‌లోంచి కొంత పంపుతా, మీ అత్తకి చెప్పకు. గచ్చు పోయించే రోజు ముందే చెప్పు, వాలు నేను దగ్గరుండి చూస్తా, మేస్త్రీల మీద నాకు నమ్మకం లేదు.

మీ మావయ్య