అవతార్‌కు వేసిన ఓణీ ఎవరి సొత్తు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాపీరైట్ గురించే. లాయర్‌గా పేరు నమోదు చేసుకోకముందు విజయవాడలో పుస్తకాలకు ప్రూఫులు దిద్దేదాన్ని. ఒక్కో పేజీ వెనక ఎంత పని ఉంటుందో చూసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలకు సెక్షన్ల నంబర్లు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. ఉత్తరాలను కాస్త కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఒక ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచంలో అవతార్లకు, అంటే అక్కడ మన తరఫున తిరిగే బొమ్మలకు, వేసే లంగా ఓణీలను కలంకారీ తరహాలో గీసి అమ్ముతోంది. ఈ మధ్య ఎవరో అచ్చం అలాంటివే సగం ధరకు పెట్టారు. మా అమ్మాయి గీసిన అంచులో నెమలి తోక మీద ఒక కన్ను పొరపాటున రెండుసార్లు పడింది. వాళ్ల ఓణీలో కూడా అదే చోట ఆ కన్ను రెండుసార్లు ఉంది! "అది నిజం బట్ట కాదు కదా, కేసేంటి" అంటున్నారు అందరూ. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మచిలీపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ నెమలి తోకను భద్రం చేయండి. మీ దగ్గరున్న సాక్ష్యాల్లో అన్నిటికన్నా బలమైనది అదే. ఇద్దరు మనుషులు విడివిడిగా నెమలిని గీస్తే రెండూ ఒకేలా ఉన్నాయేమో అనుకోవచ్చు. ఒకే పొరపాటు ఒకే చోట రెండు బొమ్మల్లో కనిపిస్తే అది చూసి దించిందే. పాఠాన్ని కాపీ కొట్టారని తేల్చడానికి ప్రూఫు రీడర్లు కూడా చూసేది అచ్చుతప్పులనే.

నిజం బట్ట కాదన్న మాటను పట్టించుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం చూసేది బొమ్మను, అది నూలు మీద ఉందా, స్క్రీన్ మీద ఉందా అని కాదు. మీ అమ్మాయి గీసిన రోజే హక్కు పుట్టింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే కోర్టులో ఒక ఆధారంగా పనికొస్తుంది, అంతే.

అయితే ఆ ఓణీలో ఏది ఆమెది, ఏది కాదో విడదీసి చూసుకోవాలి. నెమలి, మామిడి పిందె, లత, చెట్టు... ఇవి పెడనలో అచ్చులు చెక్కేవాళ్లు తరతరాలుగా వాడుతున్నవి. వాటి మీద ఎవరికీ కాపీరైట్ లేదు, మీ అమ్మాయికీ లేదు. వాటిని ఆమె పేర్చిన తీరు, గీత, రంగుల కూర్పు మాత్రం ఆమె సొంతం. అవతలివాళ్లు తమకు తాముగా వేరే నెమలిని గీసుకుంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. ఆమె గీసినదాన్నే ఎత్తుకుపోతేనే ఫిర్యాదు. ఇంకో సంగతి. మచిలీపట్నం కలంకారీ అనే పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు అక్కడి పద్ధతిలో చేసిన బట్టకు చెందుతుంది. డిజిటల్ ఓణీకి ఆ పేరు తగిలించి అమ్మొద్దని మీ అమ్మాయికి చెప్పండి. తన కష్టానికి గౌరవం అడుగుతున్న పిల్ల, ఆ అద్దకం పనివాళ్లకూ అదే గౌరవం ఇవ్వాలి.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచాన్ని మొదలుపెట్టింది. అందులో జనం తయారుచేసిన వస్తువుల మీద హక్కు వాళ్లకే ఉంటుందని అదే ఏడాది ప్రకటించింది. దాంతో బట్టలు, జుట్టు, ఇళ్లు, సామాన్లు తయారుచేసి అమ్మడం జీవనోపాధిగా పెట్టుకున్నవాళ్లు వచ్చారు. వస్తువు తయారుచేసినవాళ్లు మూడు విషయాలు నిర్ణయించుకోవచ్చు: కొన్నవాళ్లు దానికి నకలు తీయొచ్చా, మార్చొచ్చా, వేరేవాళ్లకు ఇవ్వొచ్చా. 2006 నవంబర్‌లో కాపీబాట్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. ఎదురుగా ఉన్న వస్తువుకు అనుమతులతో పని లేకుండా నకలు తీసేది. అక్కడి దుకాణదారులు నిరసనగా షాపులు మూసేశారు. దాన్ని అలా వాడటం నిబంధనలకు విరుద్ధమని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. స్క్రీన్ మీద కనిపించేదాన్ని కాపీ కాకుండా పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. చేతిలో ఉన్నది ఫిర్యాదు చేసే హక్కే, దాన్ని బాగా వాడుకోవాలి.

ఈ వారంలోనే చేయాల్సిన పని చెబుతాను. మీ అమ్మాయి పొరలు పొరలుగా గీసుకున్న అసలు ఫైలు, పెన్సిల్ స్కెచ్‌లు ఉంటే అవి, మొదటిసారి అమ్మకానికి పెట్టిన తేదీ కనిపించే పేజీ, ఇవన్నీ ఒక చోట చేర్చండి. అసలు ఫైలును మళ్లీ తెరిచి సేవ్ చేయొద్దు, తేదీ మారిపోతుంది. ముందు దానికి ఒక కాపీ తీసి, ఆ కాపీనే వాడండి. అవతలివాళ్ల పేజీకి లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రేపు కోర్టుకు వెళ్తే వీటికి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేదని మంచి కేసులు కూడా ఇబ్బందిలో పడతాయి.

తర్వాత ఆ ప్లాట్‌ఫామ్‌కు నోటీసు పంపండి. అమెరికా కంపెనీ అయితే 1998లో వచ్చిన డీఎంసీఏ అనే అక్కడి కాపీరైట్ చట్టం కింద దాదాపు అందరికీ ఒక ఫారం ఉంటుంది. మీ బొమ్మ ఏది, దాని కాపీ ఏ లింకులో ఉంది, మీ చిరునామా, చెప్పింది నిజమన్న హామీ, సంతకం, ఇవి చాలు. అవతలి మనిషి 'నేను కాపీ కొట్టలేదు' అని ఎదురు నోటీసు ఇస్తే 10 నుంచి 14 పనిదినాల్లో మీరు కేసు వేసినట్టు చూపించాలి, లేకపోతే ఆ ఓణీ మళ్లీ అమ్మకానికి వస్తుంది. మన చట్టంలోనూ ఇలాంటి దారి ఉంది. 52(1)(సి) కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో ఆ లింకును ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేవాలి. కేసు వేయాల్సి వస్తే 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. కానీ పేరూ ఊరూ తెలియని అమ్మకందారు మీద కోర్టుకెక్కే ముందు నోటీసుతో పని అవుతుందేమో చూడండి. ఇలాంటివి చాలావరకు అక్కడే తేలిపోతాయి.

చివరగా ఒక హెచ్చరిక. అదే డిజైన్‌ను నిజం బట్ట మీద అచ్చు వేయిద్దామని అనుకుంటుంటే ఆగండి. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయకుండా 50 కన్నా ఎక్కువసార్లు అలా వేయిస్తే కాపీరైట్ పోయిందనే వాదన వస్తుంది. పోనీ రిజిస్టర్ చేయిద్దామంటే డిజైన్ అప్పటికి బయట పడి ఉండకూడదు. కాబట్టి బట్టకు వేరే కొత్త డిజైన్ గీయించి, ఎక్కడా చూపించకముందే దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: 2014లో నా నవల ఒక ప్రచురణకర్తకు ఇచ్చాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "సర్వహక్కులూ ఇచ్చివేయడమైనది" అని ఒకే ఒక్క వాక్యం. ఎన్నేళ్లకో రాయలేదు. ఇప్పుడు ఆయనే దాన్ని ఆడియో పుస్తకంగా, వీఆర్ గేమ్‌గా ఇంకొకరికి ఇస్తున్నారట. నన్ను అడగనే లేదు.
– ఒక రచయిత, ఖమ్మం

జవాబు: మీరు పంపిన ఆ కాగితం ఫొటో చూశాను. తేదీ ఉంది, రెండు సంతకాలున్నాయి, మీకు ఇచ్చిన మొత్తం కూడా రాశారు. కాలం గురించి ఒక్క ముక్క లేదు. అదే మీకు మేలు చేసింది. కాపీరైట్ బదిలీలో కాలం రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా లెక్కపెట్టాలని 19వ సెక్షన్ చెబుతోంది. మీ కాగితం 2019తోనే ముగిసింది. ఇప్పుడు ఆ నవల మీద హక్కు మీదే, ఆడియో అయినా గేమ్ అయినా ఒప్పందం మీతోనే చేసుకోవాలి. ఈ మాటే రాసి ప్రచురణకర్తకు, ఆ రెండో కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మర్యాదగానే రాయండి. పదేళ్లు మీ పుస్తకాన్ని అమ్మిన మనిషి, కొత్త ఒప్పందానికి ఆయనే ముందుకు రావచ్చు.

కొత్త కాగితంలో మాత్రం "సర్వహక్కులు" అన్న మాటకు ఒప్పుకోకండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో, సినిమా, గేమ్, వీఆర్... ఒక్కోటి విడిగా రాయించి, ప్రతిదానికీ ఎన్నేళ్లు, ఏ దేశాలు, మీ వాటా ఎంత అన్నది పక్కనే రాయించండి. 2012 సవరణ తర్వాత, సంతకం చేసిన నాటికి వాడుకలో లేని మాధ్యమానికి ఆ బదిలీ వర్తించదు, కాగితంలో దాని పేరు ప్రత్యేకంగా ఉంటే తప్ప. అందుకే "భవిష్యత్తులో వచ్చే మాధ్యమాలన్నీ" అనే మాటను ఇరికించాలని చూస్తారు. అది కొట్టేయించండి. గేమ్‌లో మీ కథానాయికను మీ పరువు పోయేలా మార్చేస్తే 57వ సెక్షన్ కింద అడ్డుకునే హక్కు, మీ పేరు వేయమని అడిగే హక్కు, హక్కులన్నీ అమ్మేసినా మీ దగ్గరే ఉంటాయి.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లి ఊరేగింపులో సినిమా పాటలు పెట్టాం. ఆ వీడియో యూట్యూబ్‌లో వేస్తే కాపీరైట్ అని వచ్చింది. పెళ్లిళ్లలో పాటలకు అనుమతి అక్కర్లేదన్నారుగా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెళ్లిలో వేయడానికి అక్కర్లేదు. 52వ సెక్షన్ మినహాయింపు ఊరేగింపుకు కూడా వర్తిస్తుంది, 2023 జూలైలో కేంద్రం కూడా ఈ విషయం స్పష్టం చేసింది. కానీ ఆ మినహాయింపు పెళ్లి వేడుక వరకే. లోకమంతా చూసేలా అప్‌లోడ్ చేయడం వేరే పని. ఆ పాట ఉన్న భాగంలో శబ్దం తీసేయండి, లేదా వీడియోను ప్రైవేట్‌గా పెట్టి చుట్టాలకు మాత్రం పంపండి.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న ఆన్‌లైన్ గేమ్ సర్వర్లు మూసేశారు. నేను కొన్న స్కిన్లు (గేమ్‌లో పాత్రలకు, బండ్లకు వేసే కొత్త రూపాలు), కార్లు అన్నీ పోయాయి. కొన్నది నాది కాదా? కంపెనీ పెట్టిన తాళం తీసేసిన క్రాక్ వెర్షన్ దొరుకుతోంది, దాన్ని ఆడితే తప్పా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. 'బయ్' అన్న బటన్ నొక్కినా నీకు దక్కింది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. యూబీసాఫ్ట్ కంపెనీ ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆడే వీలు లేకుండా పోయింది. దాని మీద మొదలైన ఉద్యమానికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మేది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా 'బయ్' అన్న మాట వాడకూడదని కాలిఫోర్నియాలో చట్టమే తెచ్చారు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మనకూ అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అంతవరకు నీకున్న దారి వినియోగదారుల చట్టం. మూసేస్తున్నట్టు చెప్పకుండా మొన్నమొన్నటి దాకా స్కిన్లు అమ్మి ఉంటే ఆ బిల్లులు తీసి పెట్టుకో. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్. అక్కడ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. క్రాక్ జోలికి పోవద్దు. హక్కుల ఉల్లంఘన కోసం తాళం పగలగొట్టడం కాపీరైట్ చట్టం 65ఎ సెక్షన్ కింద నేరం, 2 ఏళ్ల వరకు జైలు. పైగా ఆ ఫైలుతో పాటు నీ కంప్యూటర్లోకి ఏం దిగుతుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ప్రశ్న: మాది సాహిత్యం వాట్సాప్ గ్రూపు. తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకుంటాం. ఒక్క రూపాయి తీసుకోం. చాలావరకు ఎక్కడా దొరకని పుస్తకాలే. ఇదీ పైరసీయేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: మాస్టారూ, కొన్ని కావు, కొన్ని అవును. రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. నిశ్చింతగా పంచుకోండి. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరి దాకా హక్కు వారసులదే. శ్రీశ్రీకి 2043 చివరి దాకా. అనువాదమైతే మూల రచయితనే కాదు, అనువాదకుణ్నీ లెక్కపెట్టాలి. పాత రచనకు కొత్తగా రాసిన పీఠిక, వ్యాఖ్యానం ఉంటే వాటి హక్కులు విడిగా ఉంటాయి.

డబ్బు తీసుకోలేదన్నది శిక్ష తగ్గడానికి పనికొస్తుందేమో కానీ తప్పును తప్పు కాకుండా చేయదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఇప్పుడు రాస్తున్న తెలుగు రచయితల్లో చాలామంది సొంత డబ్బుతో వెయ్యి కాపీలు, ఒక్కోసారి ఐదొందలే వేసుకుంటున్నారు. వందమంది ఉన్న గ్రూపులో ఆ పుస్తకం పీడీఎఫ్ పడితే, దాన్ని కొనే మనసున్న వందమందికీ ఊరికే అందినట్టే. మీ గ్రూపులాంటి వాళ్లే ఆ రచయితకు అసలు పాఠకులు. అందుకే నాకు బాధ.

చూపు లేనివాళ్ల కోసం చదవడానికి వీలైన రూపంలోకి మార్చి, లాభం లేకుండా వాళ్లకు అందించడానికి చట్టం అనుమతిస్తుంది. ఆ పని మీ గ్రూపు చేపడితే చాలా మంచిది. ఇక దొరకని పుస్తకాలంటారా, ముద్రణలో లేనంత మాత్రాన హక్కు పోదు. కానీ ఆ కుటుంబాలు చాలావరకు అడిగితే కాదనవు, ఇన్నేళ్లకు ఒకరు అడిగారని సంతోషిస్తాయి. పుస్తకం రెండో పేజీలో "ప్రతులకు" అన్న చోట చిరునామా ఉంటుంది. దానికి ఒక ఉత్తరం రాయండి: ఏ పుస్తకం, ఎంతమందికి, ఎలా పంచుతారో చెప్పి రాతపూర్వకంగా అనుమతి అడగండి. వచ్చిన జవాబును పీడీఎఫ్ మొదటి పేజీగా పెట్టి పంచుకోండి.