వీలునామా మాటెత్తితే "అపశకునం" అనే భర్తతో ఎలా మాట్లాడాలి?

డెబ్బై దాటినా మీవారు ఈ విషయం ఎత్తగానే లేచి వెళ్లిపోతున్నారని, ఎలా మొదలుపెట్టాలని అడిగారు. మాది అమలాపురం పక్క ఊరు, పెళ్లై నలభై ఏళ్లు దాటింది. మా ఆయనదీ ఇదే ధోరణి.

ముందుగా, "మీరు పోతే", "నేను పోతే" అని అసలు మొదలెట్టకండి. మా ఇంట్లో కొబ్బరి దింపు లెక్కతో మొదలైంది. దింపు రోజున ఆయన జ్వరంతో పడుకున్నారు. కూలి ఎంతివ్వాలో, షావుకారు దగ్గర పాత బాకీ ఎంతుందో నాకేం తెలీదు. "మీరు లేవలేని రోజున నేనెవర్ని అడగాలండీ?" అన్నాను. దానికి ఆయనకి కోపం రాలేదు. జ్వరం తగ్గాక ఆయనే నోటుబుక్కు తెచ్చి రాయించారు: పట్టాదారు పాస్‌పుస్తకం ఏ అరలో ఉందో, కౌలు ఎంతో, ఎల్‌ఐసీ పాలసీలు, ఇచ్చిన చేబదుళ్లు. ఆ చేబదుళ్ల జాబితా చూస్తే నాకు కళ్లు తిరిగాయనుకోండి, అది వేరే కథ.

బదులుగా ఆయనకి నేను అన్నం, చారు నేర్పాను. నవ్వకండి. పుణ్యస్త్రీగా పోవాలని నోములు నోచిన తరం మనది. ఆ కోరిక తీరితే వెనక మిగిలేది గ్యాస్ వెలిగించడం రాని మగాడు! మా వీధిలో ఒకాయన అలాగే మిగిలిపోయారు. ఊళ్లో ఉందామంటే తిండికి ఇబ్బంది, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికెళ్తే పొద్దుపోదు.

ఇలా పని గురించి మాట్లాడటం అలవాటైతే కాగితాలకు ఒప్పించడం కష్టం కాదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, పొలం ఉన్నవాళ్లు చేయించుకుంటేనే మేలు. సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లని, వాటా లేనివాళ్లని పెట్టుకోండి. బ్యాంకులో నామినీ ఉన్నారు కదా అని ధీమా వద్దు. నామినీ డబ్బు తీసుకుంటారంతే, హక్కు వారసులదే. ప్రేమ కొద్దీ ఉన్నదంతా ఇప్పుడే పిల్లలకి గిఫ్టు రాసేయకండి. రాయక తప్పకపోతే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాయించండి. అప్పుడే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద దాన్ని రద్దు చేయమని అడిగే దారి ఉంటుంది.

కాగితాల కంటే నాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆయన ముందు పోతే పదో రోజున గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే తంతు నాకు వద్దన్నాను. నేను చెబితే చుట్టాలు వినరు. అందుకే సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు, ఆడపడుచుల ముందే ఆయన చేత చెప్పించాను. పెద్దాడపడుచు ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

ఆసుపత్రి సంగతి మాత్రం మాకింకా తెగలేదు. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసరు చేతగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. నాకు ఆ వెంటిలేటర్ లాంటివేమీ వద్దు. ఆయనేమో చివరిదాకా అన్నీ చేయించాలంటారు. ఆయన్ని మార్చే ప్రయత్నం మానేశాను. నాది నేను రాసి, ఒక కాపీ కూతురికిచ్చాను.