హెచ్‌టీఎల్‌వీ-1 పాజిటివ్ అంటే ఏమిటి? రోగనిరోధక శక్తిని, నరాలను అది ఏం చేస్తుంది?

రక్తదానం చేసిన తర్వాత హెచ్‌టీఎల్‌వీ-1 పాజిటివ్ అని కబురు వచ్చిందని, మీకు ఏ ఇబ్బందీ లేదని, మీ ఆవిడకు ఇప్పుడు ఆరో నెల అని రాశారు. ఇది హెచ్‌ఐవీ లాంటిదేనా, రోగనిరోధక శక్తినీ నరాలనూ ఏం చేస్తుంది అని అడిగారు. నేను ఈ వైరస్‌తోనే బతుకుతున్నాను. నాకు 53 ఏళ్లు, కాళ్లు మొరాయించడం మొదలై 11 ఏళ్లయింది. డాక్టర్ని కాను. కానీ నాకు ఈ జబ్బేమిటో చెప్పగలిగిన మనిషి దొరకడానికే మూడేళ్లు పట్టింది. అందుకే అప్పటినుంచి దీని గురించి దొరికినదల్లా చదువుతూ, కలిసిన ప్రతి డాక్టర్నీ అడుగుతూ వచ్చాను.

ముందు మీ టెన్షన్ సంగతి. ఇది హెచ్‌ఐవీ కాదు, ఎయిడ్స్‌గా మారదు. రెండూ రెట్రోవైరస్‌లే. అంటే రెండూ తమ జన్యుపదార్థాన్ని ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏగా మార్చి మన కణంలోని డీఎన్‌ఏలో అతికించేస్తాయి. పేర్ల దగ్గర అయోమయానికి ఒక కారణం ఉంది. మనుషుల్లో కనిపెట్టిన మొట్టమొదటి రెట్రోవైరస్ హెచ్‌టీఎల్‌వీ-1. అమెరికాలో రాబర్ట్ గాలో బృందం 1980లో దాన్ని ప్రకటించింది. తర్వాత 1984లో ఎయిడ్స్ వైరస్‌కి అదే బృందం హెచ్‌టీఎల్‌వీ-3 అని పేరు పెట్టింది. 1986లో దాన్నే హెచ్‌ఐవీగా మార్చారు. పాత పుస్తకాలు తిరగేస్తే ఇప్పటికీ ఈ పేరు చూసి గుండె ఝల్లుమంటుంది. నాకూ అయింది.

అసలు తేడా ఎక్కడుందంటే, రెండూ ఎక్కువగా పట్టుకునేది సీడీ4 టీ కణాలనే. మన ఒంట్లో రక్షణ పనిని నడిపించే తెల్ల రక్తకణాలు అవి. హెచ్‌ఐవీ వాటిని చంపుతుంది. వాటి సంఖ్య పడిపోయి, మామూలుగా ఏమీ చేయలేని సూక్ష్మజీవులు కూడా మనిషిని పడగొడతాయి. హెచ్‌టీఎల్‌వీ-1 చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. పట్టుకున్న కణాన్ని చావనివ్వదు, పెరగమంటుంది. దానిలో టాక్స్ అనే ప్రోటీన్ ఉంది, అది కణాన్ని విభజన వైపు తోస్తుంది. హెచ్‌బీజెడ్ అనే ఇంకొకటి ఆ కణం ఎక్కువకాలం బతికేలా చూస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా దానిలో దాగిన వైరస్ కూడా రెండవుతుంది. కొత్త వైరస్ రేణువులు తయారై రక్తంలో తిరగాల్సిన అవసరమే దానికి పెద్దగా లేదు. ఇంకో కణంలోకి పాకాలన్నా, ఆ రెండు కణాలూ ఒకదానికొకటి అతుక్కున్న చోటనే దాటుకుంటుంది. అందుకే హెచ్‌ఐవీలో చూసినట్టు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే వైరస్‌ని ఇక్కడ లెక్కపెట్టరు. తెల్ల కణాల్లో ఎన్నింటిలో ఇది దాక్కుని ఉందో చూస్తారు. దాన్ని ప్రొవైరల్ లోడ్ అంటారు. 100 కణాలకు 1 దాటితే నరాల జబ్బు వచ్చే అవకాశం గట్టిగా పెరుగుతుంది. మొదటిసారి కొలిచినప్పుడు నాది 9.

టాక్స్ అన్నివేళలా కనపడదు. కొద్దిసేపు బయటపడి మళ్లీ అణిగిపోతుంది. అది కనపడ్డప్పుడల్లా మన ఒంట్లోని సీడీ8 కణాలు, అంటే వైరస్ పట్టిన కణాలను వెతికి చంపేవి, దాని మీద పడతాయి. ఆ తర్వాత వైరస్ మళ్లీ మౌనంగా ఉంటుంది. ఈ వెతుకులాట ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. ఎక్కువమందిలో అది సమతూకంగా ఉండిపోతుంది, మనిషికి ఏమీ తెలియదు. పదిమందిలో తొమ్మిదిమంది జీవితాంతం ఇలాగే ఉంటారు. మీరు వాళ్లలో ఒకరు కావడానికే ఎక్కువ అవకాశం.

నాలాంటి వాళ్లలో సమతూకం తప్పుతుంది. వైరస్ పట్టిన కణాలు వెన్నుపాములోకి చేరతాయి, వాటి వెనకే సీడీ8 కణాలూ వెళతాయి. అక్కడ గామా ఇంటర్‌ఫెరాన్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. నరాలను కాచి పోషించే ఆస్ట్రోసైట్ కణాలు ఆ రసాయనం తగలగానే సీఎక్స్‌సీఎల్10 అనే పిలుపు లాంటిది పంపుతాయి. ఆ పిలుపుకి వైరస్ ఉన్న కణాలు ఇంకా ఎక్కువ వస్తాయి. వాటితో మంట ఇంకా పెరుగుతుంది. ఆ రొదలో పక్కనున్న నరాల తంతువులూ వాటి తొడుగులూ దెబ్బతింటాయి. గమనించండి, ఇక్కడ నరాల కణాలను వైరస్ నేరుగా తినడం లేదు. మన రక్షణ కణాల పోరాటమే వాటి మీద పడుతోంది. నాకు ఈ మాట అర్థమైన రోజు నిద్రపట్టలేదు. నా ఒళ్లే నన్ను కాపాడాలనుకుంటూ నా నడకను తీసుకుపోతోందని తెలియడం చిన్న విషయం కాదు.

ఈ నష్టం ఎక్కువగా వీపు మధ్యభాగం దగ్గరి వెన్నుపాములో జరుగుతుంది. అక్కడ రక్తం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కణాలు నిలిచిపోతాయన్నది ఒక వివరణ. అక్కడినుంచే కాళ్లకు, మూత్రాశయానికి, పేగులకు సంకేతాలు వెళ్లే దారి కాబట్టి, చేతులు బాగానే ఉంటాయి, మాట బాగానే ఉంటుంది, ఆలోచన బాగానే ఉంటుంది, కాళ్లు మాత్రం బిగుసుకుంటాయి. ఈ జబ్బుకి హెచ్‌ఏఎమ్/టీఎస్‌పీ అని పొడిపేరు. 1985లో మార్టినిక్ దీవిలో ఆంత్వాన్ జెస్సాఁ బృందం, 1986లో జపాన్‌లోని కగోషిమాలో మిత్సుహిరో ఒసామే బృందం, తమ దగ్గరున్న కాళ్ల జబ్బు రోగుల్లో ఈ వైరస్‌ని విడివిడిగా గుర్తించాయి. జపాన్‌లో దాన్ని హెచ్‌ఏఎమ్ (హెచ్‌టీఎల్‌వీ-1తో వచ్చే వెన్నుపాము జబ్బు) అన్నారు, మార్టినిక్‌లో టీఎస్‌పీ (ఉష్ణమండలాల్లో కాళ్లు బిగుసుకుపోయే జబ్బు) అన్నారు. రెండు చోట్లా ఉన్నది ఒకే జబ్బని తర్వాత తేలడంతో రెండు పేర్లనూ కలిపి రాస్తున్నారు.

నాకెలా మొదలైందో చెబుతాను, ఎందుకంటే అందరూ పొరబడేది అక్కడే. కాళ్లతో కాదు, మూత్రంతో మొదలైంది. వస్తోంది అనిపిస్తే ఆగేది కాదు, వెళితే సరిగా వచ్చేది కాదు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ అని ఒకటి తర్వాత ఒకటి యాంటీబయాటిక్‌లు ఇచ్చారు. తర్వాత నడుము నొప్పి. డిస్క్ అన్నారు. ఒకరోజు మెట్లు దిగుతుంటే కాలి చెప్పు జారిపోయింది, నాకు తెలియనే లేదు. ఇంకొకరు చెప్పాకే చూసుకున్నాను. ఆ తర్వాత చెప్పు ముందు వైపు అరుగుతోందని గమనించాను, అడుగు తీస్తుంటే వేలు నేలకి రాసుకుంటోంది. ఎమ్మారైలో పెద్దగా ఏమీ కనపడలేదు. ఒకచోట డాక్టర్ టెన్షన్ వల్ల అన్నారు. ఎమ్మారై మామూలుగా కనపడినా ఈ జబ్బు ఉండొచ్చని నాకప్పుడు తెలియదు. చివరికి ఒక న్యూరాలజిస్ట్ మోకాళ్ల మీద సుత్తితో తట్టి, కాళ్లు ఎగిరిన తీరు చూసి, హెచ్‌టీఎల్‌వీ పరీక్ష రాశారు. తర్వాత వెన్ను నీరు తీసి చూశారు. దానిలోనూ యాంటీబాడీలు ఉన్నాయి.

మీకు ఇవన్నీ వస్తాయని కాదు. జీవితకాలంలో కాళ్ల జబ్బు వచ్చేది ఈ వైరస్ ఉన్నవాళ్లలో సుమారు 0.25 నుంచి 4 శాతం మందికి. అది మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఇంకో పెద్ద జబ్బు టీ కణాల రక్త క్యాన్సర్. 1977లో జపాన్‌లో తకట్సుకి బృందం దాన్ని వర్ణించింది. దాని అవకాశం 3 నుంచి 5 శాతం. ఎక్కువగా పసితనంలోనే ఈ వైరస్ సోకినవాళ్లలో, చాలా ఏళ్ల తర్వాత వస్తుంది. మెడలో గడ్డలు, తగ్గని చర్మపు దద్దుర్లు, కారణం లేని నీరసం కనిపిస్తే నిర్లక్ష్యం చేయకండి. ఏడాదికోసారి రక్తకణాల లెక్క, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూడటం), కాల్షియం, ఎల్డీహెచ్ (రక్తంలో కొలిచే ఒక ఎంజైమ్) చూపించుకోండి. కంటి లోపల వాపు కూడా ఒక్కోసారి రావచ్చు, చూపు మసకబారితే కంటి డాక్టర్‌కి వైరస్ సంగతి చెప్పండి. మీ వరకు ఇది తెలిసి ఉండటమే ముఖ్యం. మూత్రం ఆపుకోలేకపోవడం, మెట్ల దగ్గర కాలు బరువెక్కడం, ఉదయాన్నే కాళ్లు బిగుసుకోవడం కనిపిస్తే "నాకు హెచ్‌టీఎల్‌వీ ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. నేను పోగొట్టుకున్న మూడేళ్లు మీకు అక్కర్లేదు.

దీనికి ముందు మీకు వచ్చిన ఫలితం నిజమేనా అని తేల్చుకోండి. రక్తదానంలో చేసేది వడపోత పరీక్ష, సాధారణంగా ఎలైజా లాంటిది, అది తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. వెస్టర్న్ బ్లాట్ లేదా పీసీఆర్‌తో నిర్ధారించాలి. హెచ్‌టీఎల్‌వీ-1 ఏనా, హెచ్‌టీఎల్‌వీ-2 ఏనా అన్నది కూడా అక్కడే తేలుతుంది. రెండోదానికి జబ్బులతో సంబంధం చాలా తక్కువ.

ఇంకో విషయం చాలామందికి తెలియదు, నాకు దాదాపు ప్రాణం మీదికి వచ్చింది. ఈ వైరస్ రక్షణ వ్యవస్థ దృష్టిని ఒకవైపు తిప్పేస్తుంది. పురుగులను ఎదుర్కొనే పనికి బలం తగ్గుతుంది. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పేగు పురుగు, నేల మీద చెప్పులు లేకుండా నడిచినప్పుడు చర్మం నుంచి లోపలికి వస్తుంది. మామూలుగా అది చాలా ఏళ్లు ఊరకే ఉంటుంది. కానీ హెచ్‌టీఎల్‌వీ-1 ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ ఇస్తే అది ఒళ్లంతా పాకిపోయి చంపేయగలదు. నాకు మొదటి డోసు ఎక్కించబోయే ముందు మలపరీక్షలో అది దొరికింది, ఐవర్‌మెక్టిన్ ఇచ్చి, పోయిందని మళ్లీ చూశాకే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మీకు ఎప్పుడైనా, ఏ జబ్బుకైనా, స్టెరాయిడ్ రాస్తే ముందు ఈ పరీక్ష అడగండి.

మందుల గురించి. ఈ వైరస్‌ని ఒంట్లోంచి పంపేసే మందు లేదు, టీకా లేదు. హెచ్‌ఐవీ మందులు కొన్ని నరాల జబ్బుకి ప్రయత్నించారు. జిడోవుడిన్, లామివుడిన్ కలిపి ఇచ్చిన ప్రయోగంలో మేలు కనపడలేదు. కణాలు విభజన చెందడంతోనే పెరిగిపోయే వైరస్‌కి, అది కొత్త కణంలోకి దూరేటప్పుడు అడ్డుకునే మందు ఎలా పనిచేస్తుంది? మంట తగ్గించడానికి నాకు మొదట సిరలోకి మిథైల్‌ప్రెడ్నిసొలోన్, తర్వాత తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. కాళ్ల బిగువుకి బాక్లోఫెన్. జపాన్‌లో మోగములిజుమాబ్ అనే ఇంజెక్షన్‌తో 2018లో వెలువడిన తొలిదశ ప్రయోగంలో ప్రొవైరల్ లోడ్ తగ్గింది, చర్మం మీద దద్దుర్లు వచ్చాయి. కానీ నాకు అన్నింటికంటే మేలు చేసింది రోజూ చేసే కాళ్ల సాగదీత, ఫిజియోథెరపీ. ఒక వారం మానేస్తే నడక పాడవుతుంది. మూత్రానికి నేనే రోజుకి రెండుసార్లు కాథెటర్ పెట్టుకుంటాను. మొదట్లో సిగ్గుపడ్డాను, ఏడ్చాను. ఇప్పుడు రాత్రి నిద్ర దక్కడానికి కారణం అదే.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. మీకు నిర్ధారణ పరీక్ష వచ్చేదాకా ఆగకుండా, ఈ వారంలోనే ఆవిడకీ పరీక్ష చేయించండి. సంభోగం వల్ల మగవాళ్ల నుంచి ఆడవాళ్లకి ఇది తేలికగా వెళుతుంది. నెగటివ్ వస్తే బిడ్డకి ఏమీ కాదు, అలాగే ఉండాలంటే గర్భం, పాలిచ్చే కాలం అంతా కండోమ్ తప్పనిసరి. పాజిటివ్ వస్తే ముఖ్యమైనది తల్లిపాలు. ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకి ప్రధానంగా పాలలోని కణాలతోనే వెళుతుంది. నాగసాకిలో 1987 నుంచి గర్భిణులకు పరీక్ష చేసి, తల్లిపాలు వద్దని సలహా ఇచ్చారు. ఎక్కువకాలం పాలు తాగిన పిల్లల్లో సుమారు 20 శాతానికి సోకేది, డబ్బాపాలు తాగిన పిల్లల్లో 3 శాతం లోపలికి వచ్చింది. శుభ్రమైన నీళ్లు, డబ్బాపాలు నమ్మకంగా దొరికే చోట అదే మంచి దారి. అది కుదరకపోతే మూడు నెలల లోపే మాన్పించడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. పుట్టిన బిడ్డకి వెంటనే యాంటీబాడీ పరీక్ష చేస్తే తల్లివే కనిపిస్తాయి, ఏడాదిన్నర దాటాక చేయించాలి.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో మా అమ్మకి పరీక్ష చేయించాక తెలిసింది. ఆవిడకీ పాజిటివ్. ఆవిడకిప్పుడు 79 ఏళ్లు, కర్ర లేకుండా నడుస్తుంది. ఒంట్లో ఉన్నది అదే వైరస్, ఆవిడ లోడ్ మాత్రం 0.1 కూడా లేదు. "నా పాలతోనే కదా నీకిది" అని ఆవిడ అన్న రోజు నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆవిడ నాకు పాలిచ్చినప్పటికి ఈ వైరస్‌కి పేరే లేదు. ఇవాళ మీకు పేరు తెలుసు, పరీక్ష ఉంది, ఇంకా మూడు నెలల సమయం ఉంది. మీ ఆవిడ రిపోర్టు వచ్చాక రాయండి.