ముందు ప్రశ్న రాయి, స్లయిడ్ల సంగతి తర్వాత

శిరీషా,

హొసకోటె గోడౌన్ సిబ్బందికి ఆన్‌లైన్ కోర్స్ తయారుచేసే పని నీ చేతికి వచ్చిందనీ, క్లయింట్ పంపిన పీపీటీ చూసి టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను.

ఆ పీపీటీ ఇప్పుడు తెరవకు. కోర్సులు కట్టే సాఫ్ట్‌వేర్ స్టోరీలైన్ కూడా తెరవకు. ఈ కోర్స్ చేసిన మనిషి మర్నాడు షిఫ్ట్‌లో ఏ పని వేరేగా చేయాలో ఒక కాగితం మీద రాయి. "డ్యామేజ్ పాలసీ మీద అవగాహన పెరగాలి" అంటాడు క్లయింట్. తల ఊపు, కానీ రాసుకోకు. అవగాహన పెరిగిందో లేదో ఎవరు చూడొచ్చారు? "పెట్టె దెబ్బతిని వస్తే ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద ఆ సంగతి రాయించాకే సంతకం పెట్టాలి" అంటే, పక్కన నిలబడి చూడొచ్చు.

అది తేలాక, కోర్స్ చివర అడగాల్సిన ప్రశ్న ముందు రాయి. కడపలో పాఠం అంతా చెప్పి, తర్వాత పేపర్ సెట్ చేసేదానివి కదా, ఇక్కడ ఆ వరస తిరగెయ్యి. ప్రశ్న కూడా "డ్యామేజ్ ఎన్ని రకాలు?" అని వద్దు. ఇలా అడుగు: లారీ వచ్చింది. ఒక పెట్టె మూల నలిగింది, ఊపితే లోపల ఏదో కదులుతోంది. వెనక ఇంకో రెండు లారీలు ఆగి ఉన్నాయి, డ్రైవర్ సంతకం పెట్టమని తొందర చేస్తున్నాడు. ఏం చేస్తావు?

తప్పు జవాబుల దగ్గరే నీ పనితనం తెలుస్తుంది. చాట్‌జీపీటీని అడిగితే నాలుగు ఆప్షన్లు క్షణంలో ఇస్తుంది. అందులో మూడు ఎంత తెలివితక్కువగా ఉంటాయంటే, పాలసీ చదవనివాడు కూడా సరైనది పట్టేస్తాడు. అక్కడ జనం నిజంగా చేసే తప్పులు కావాలి నీకు. అవి హెడ్డాఫీసులో కూర్చున్న సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌కి తెలియవు, షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి తెలుసు. "ముందు సంతకం పెట్టేసి, లోపల తెరిచి చూసి తర్వాత ఫోటో పంపుతారమ్మా" అని అతనే చెప్తాడు. అదే నీ రెండో ఆప్షన్. అది నొక్కినవాడికి ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని చూపించి వదిలెయ్యకు. లారీ వెళ్ళిపోయింది, కాగితం మీద సరుకు బాగానే అందినట్టు ఉంది, ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ వాడు క్లెయిమ్ ఒప్పుకోవడం లేదు. ఆ సీన్ చూపించు.

ఒక్కోసారి సూపర్‌వైజర్‌తో మాట్లాడాక కోర్సే అక్కర్లేదని తేలుతుంది. ఏం చేయాలో అందరికీ తెలుసు, సరుకు దించేచోట పెన్నూ డ్యామేజ్ స్టాంపూ ఉండవు, అంతే. ఆ మాట మీ మేనేజర్‌కి చెప్పు. బిల్లు పోతుందని మొహం మాడ్చుకుంటాడు, అయినా చెప్పు.

ఇప్పుడు పీపీటీ తెరువు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పనికొచ్చేవే ఉంచు, మిగతాది ఒక పీడీఎఫ్‌లో పెట్టి లింక్ ఇవ్వు. కంపెనీ చరిత్ర, ఎండీ గారి సందేశం తీసేయడానికి ఒప్పుకోకపోతే చివర పెట్టు. ఈ బెంగళూరులో ఏటేటా చేయాల్సిన కోర్సులు ఎలా పూర్తవుతాయో నీకూ తెలుసు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కడమే.

తెరమీది వాక్యాలనే వాయిస్ ఓవర్‌లో పొల్లుపోకుండా చదివించకు. బొమ్మ, మాట, అవే అక్షరాలు మూడూ ఒకేసారి వస్తే బుర్ర మీద బరువు పెరుగుతుందని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెప్తాయి. కానీ హొసకోటెలో కన్నడ వాళ్ళు, మనవాళ్ళు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు కలిసి పనిచేస్తారు. వాళ్ళకి అలవాటు లేని భాషలో వాయిస్ వస్తే ముఖ్యమైన మాటలు తెరమీద ఉండటమే మేలు. వీడియో చిన్నదిగా ఉంచు. ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్ వీడియోల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో ఎంత పెద్ద వీడియో అయినా కనీసం సగంమంది ఆరు నిమిషాలకి మించి చూడలేదని తేలింది. చూసినంత మాత్రాన వచ్చినట్టు కాదనుకో.

కోర్స్‌ని చివరికి స్కార్మ్ అనే ప్రమాణంలో ప్యాకేజీగా కడతావు కదా, దాన్ని నీ లాప్‌టాప్‌లో కాదు, క్లయింట్ కోర్సులు నడిపే సిస్టమ్ (ఎల్‌ఎంఎస్) లోనే, చవక ఆండ్రాయిడ్ ఫోన్లో పరీక్షించు. స్కార్మ్ 1.2లో ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే చోటు 4096 అక్షరాలే. కోర్స్ పెద్దదైతే అది నిండిపోతుంది, ఆపినచోటు నుంచి మొదలవ్వదు. తప్పు ఎల్‌ఎంఎస్‌ది అని మీ ఆఫీసువాళ్ళు, కోర్స్‌ది అని క్లయింట్ వాళ్ళు వారాల తరబడి మెయిళ్ళు రాసుకుంటారు.

టూల్స్ నేర్చుకో గానీ వాటికి అంటుకుపోకు. 2020 చివర్లో అడోబీ ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినప్పుడు, దానితో కట్టిన ఎంతోమంది కోర్సులు తెరుచుకోకుండా పోయాయి. స్టోరీబోర్డులు, అంటే ఏ తెర మీద ఏం రావాలో రాసుకున్న కాగితాలు, దాచుకున్నవాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. స్టోరీలైన్ లైసెన్స్ ఆఫీసు ఇస్తే సరే, ఇంట్లో సాధనకి కోర్సులు నడిపే మూడిల్, ప్రశ్నలు కట్టే హెచ్5పి చాలు, రెండూ ఉచితమే.

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో కోర్స్ చేరావట, మంచిదే. లెక్చర్ రెండోసారి చూసే బదులు ట్యాబ్ మూసేసి గుర్తున్నది రాయి. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో పరీక్షించి చూశారు. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు, తమని తాము పరీక్షించుకున్నవాళ్ళు వారం తర్వాత బాగా చెప్పారు. గోడౌన్ వాళ్ళకీ ఇంతే. కోర్స్ అయిన వారానికి ఇంకో లారీ ప్రశ్న వాట్సాప్‌లో పంపేలా ఇప్పుడే ప్లాన్‌లో రాయి, తర్వాత అడిగితే బడ్జెట్ లేదంటారు.

చివర్లో చుక్కలిచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని నమ్ముకోకు. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి కర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లలో అది మొదటిది మాత్రమే. కోర్స్ మొదలవ్వకముందే పోయిన మూడు నెలల డ్యామేజ్ రిజిస్టర్ అడుగు. అది లేకపోతే తర్వాత ఏం మారిందో చెప్పడానికి నీ దగ్గర లెక్క ఉండదు. జిరాక్స్ ఇవ్వరు. పేజీలు ఫోన్‌తో ఫోటో తీసుకోనిస్తారేమో, గేటు దగ్గరికి వెళ్ళాక కాదు, వెళ్ళేముందే మెయిల్‌లో అడుగు. చాలా గోడౌన్లలో ఫోన్ సెక్యూరిటీ దగ్గరే పెట్టించేస్తారు.

మీ అత్త